అలవాటు పడనిది అమ్మ కాదు

‘మాది కరీంనగర్ దగ్గర ఒక చిన్న పట్టణం. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం. అప్పు చేసి నిజాంపేటలో రెండు పడక గదుల ఫ్లాటు కొన్నాం. పత్తి మార్కెట్‌లో గుమస్తాగా చేసిన నాన్న పోయాక, ఎనిమిది నెలల క్రితం అమ్మను ఇక్కడికి తీసుకొచ్చాను. ఆమెకు 66 ఏళ్లు. ఎంతకీ ఇక్కడ అలవాటు పడటం లేదు. పొద్దంతా సెల్లార్‌లో వాచ్‌మన్ భార్యతో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కబుర్లు చెబుతుంది. ఎవరో ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపులో పెడితే తలెత్తుకోలేకపోయాను. ఒకరోజు చెప్పకుండా వెళ్లిపోతే మూడు గంటలు వెతికాం. తీరా చూస్తే బస్సెక్కి కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్లి వచ్చింది. ఒక గది పిల్లలది, అందుకే అమ్మకు హాల్లో దివాన్ వేశాం. బట్టలు మాత్రం ఇప్పటికీ రెండు సంచుల్లోనే పెట్టుకుంటుంది, అల్మారాలో సర్దుకోదు. నా భార్యకూ ఇబ్బందిగా ఉంది. జమ్మికుంటలో ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. అమ్మకానికి మాట్లాడి బయానా తీసుకున్నాను. ఆమె మనసు కుదుటపడ్డాక చెబుదామని ఆగాను. అమ్మను మానసిక వైద్యుడికి చూపించాలా? నగర జీవితానికి అలవాటు చేయడం ఎలా?’ 

- పేరు వద్దన్న పాఠకుడు, నిజాంపేట

వైద్యుడి సంగతి ముందు తేల్చేద్దాం. తిండి మానేసినా, రాత్రుళ్లు నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా తప్పకుండా చూపించాలి. మీ అమ్మగారు ఇందులో ఏదీ చేయలేదు. బీపీ, షుగరు పరీక్ష చేయించండి, కళ్లు చూపించండి. అంతకు మించి అక్కర్లేదు.

ఇక అలవాటు మాట. ఎనిమిది నెలల్లో ఆవిడ నిజాంపేటలో ఒక స్నేహితురాలిని సంపాదించుకున్నారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుకున్నారు. కూకట్‌పల్లి రైతుబజారులో కూరగాయలు నయంగా దొరుకుతాయని కనిపెట్టి, ఒంటరిగా వెళ్లి, సంచి నింపుకుని తిరిగి వచ్చారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీలో సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ కూడా తీసుకునే ఉంటారు. హైదరాబాద్‌కు అలవాటు పడటమంటే ఇంకేమిటి? పద్నాలుగేళ్లుగా ఉంటున్న మీకు మీ ఎదురు ఫ్లాటు వాళ్ల ఊరు ఏదో తెలుసా? వాచ్‌మన్ భార్యది ఏ ఊరో, పిల్లలు ఎందరో, ఎవరికి జ్వరం వచ్చిందో మీ అమ్మగారిని అడగండి, చెబుతారు.

అలవాటు పడనిది మీరు. ఉత్తరం మొదట్లో ‘కరీంనగర్ దగ్గర ఒక చిన్న పట్టణం’ అని రాశారు. ఇంటి బేరం దగ్గరికి వచ్చేసరికి గానీ జమ్మికుంట పేరు మీ కలం నుంచి రాలేదు. తప్పు పట్టడం లేదు. నేనూ చిన్న ఊరి నుంచి వచ్చినదాన్నే. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరైనా మీదే ఊరు అని అడిగితే జిల్లా పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకసారి మా అమ్మ పక్కనే ఉండి, ‘మాది ఫలానా ఊరమ్మా’ అని నా బదులు తనే చెప్పింది. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. మీ నిజాంపేట మాత్రం తక్కువదా? కొన్నేళ్ల కిందటి దాకా అదీ గ్రామ పంచాయతీయే.

సెల్లార్‌లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం తలవంపులైతే, మీ అమ్మగారు నలభై ఏళ్లు జమ్మికుంట ఇంటి అరుగు మీద చేసిందీ అదే. ఆ చేతుల మీదే మీరు చదువుకుని ఇంతవారయ్యారు. తలదించుకోవాల్సిన మనిషి ఎవరైనా ఉంటే, అరవై ఆరేళ్ల మనిషిని అడగకుండా ఫొటో తీసి గ్రూపులో పెట్టినవారు. ‘ఆమె మా అమ్మ, ఆ ఫొటో తీసేయండి’ అని ఆ గ్రూపులో మీరు ఒక్క ముక్క రాశారా? రాసి ఉంటే నాకు రాసిన ఉత్తరంలో ఆ మాట ఉండేది.

ఆ ఇద్దరు ఆడవాళ్లూ కింద కూర్చుని ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడైనా విన్నారా? మీ నాన్నగారి గురించే అయి ఉంటుంది. పైన ఇంట్లో ఆయన పేరు ఎత్తేవాళ్లు ఎవరు? మీరు పొద్దున వెళితే రాత్రి గానీ రారు, పిల్లలకు చదువులు. మీ భార్య ఇబ్బంది గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు, నేనూ దాన్ని వదిలేస్తున్నాను. తల్లిని తెచ్చింది మీరు. పగలంతా ఆమెను చూసుకోవాల్సిన పని భార్యకు అప్పగించి, ఇప్పుడు ఆ ఇబ్బందిని కూడా తల్లి ఖాతాలో రాయకండి.

సంచుల సంగతి మీకు అర్థం కాలేదు. గది ఉన్న మనిషి అల్మారాలో సర్దుకుంటుంది. హాల్లో దివాన్ మీద పడుకునే మనిషి, పొద్దున్నే ఎవరైనా వస్తే దుప్పటి మడిచి పక్కన పెట్టుకోవాల్సిన మనిషి, సంచిలోనే పెట్టుకుంటుంది. పిల్లల గదిలో ఆమెకు మంచం వేయండి. పిల్లల చదువుకు నష్టం రాదు. నానమ్మ పక్కన పడుకున్న పిల్లలు పరీక్షలు తప్పినట్టు నేనెక్కడా వినలేదు.

ఇవన్నీ సర్దుకునేవే. నాకు నిద్ర పట్టనివ్వనిది బయానా మాట. తండ్రి సంవత్సరీకం కూడా కాలేదు. తల్లి పేరు మీద ఉన్న ఇంటికి, తల్లికి చెప్పకుండా డబ్బు తీసుకున్నారు. పైగా ‘మనసు కుదుటపడ్డాక’ అంటున్నారు! అమ్మేవాళ్లందరూ ఆ మాటే అంటారు. ఆ ఇల్లు ఆమెది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆమెను పూర్తి హక్కుదారును చేసింది. ఆమె బతికుండగా అందులో మీకు వాటా లేదు. ఆమె ఒప్పుకుని సబ్ రిజిస్ట్రార్ ఎదుట సంతకం, వేలిముద్ర వేస్తే తప్ప ఆ ఇల్లు చేతులు మారదు. మరి ఆ సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నారు? కారులో జమ్మికుంటకు వెళ్లే దారిలోనా? ఆఫీసు గుమ్మం దగ్గరా? ఏ తల్లి అయినా కొడుకు పరువు పోతుందని ఆ గుమ్మం దగ్గర నోరు మూసుకుని వేలు పెడుతుంది. మీరు నమ్ముకున్నదీ దాన్నే.

ఫ్లాటు అప్పు భారంగా ఉందని నాకు తెలుసు. నెలనెలా కట్టే వాయిదా మనిషిని ఎంత దూరమైనా తీసుకెళుతుంది. కానీ ఆ అప్పు చేసింది మీరు, మీ అమ్మగారు కాదు. ఒక పత్తి మార్కెట్ గుమస్తా నెల జీతంలో మిగుల్చుకుని కట్టిన ఇల్లది. మూల గదిలో ఇప్పటికీ ఆయన చొక్కాలు ఉండవచ్చు.

ఈ ఆదివారం ఆవిడను తీసుకుని మీరొక్కరే వెళ్లండి. సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ వైపు వెళ్లే రైలెక్కితే కాజీపేట దాటాక జమ్మికుంట వస్తుంది. రైల్లోనే బయానా సంగతి చెప్పేయండి. ఇల్లు చేరేదాకా ఆగితే మళ్లీ మీ నోరు పెగలదు. కోప్పడితే పడండి. అమ్ముదామని ఆవిడే అంటే సరే, ధర ఎంతో, ఆ డబ్బు ఎవరి పేరు మీద వేయాలో ఆవిడే చెప్పాలి. వద్దంటే బయానా తిరిగి ఇచ్చేయండి. ఒప్పందంలో రెట్టింపు ఇవ్వాలని రాసుకుని ఉంటే రెట్టింపు ఇవ్వండి, నష్టం మీది. కొన్నాళ్లు అక్కడే ఉంటానంటే ఉండనివ్వండి. రావాలనిపించినప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి వస్తారు. ఒంటరిగా తిరగలేరనే భయం మీకు అక్కర్లేదని రైతుబజారు రోజునే తేలింది.

ఇంకొక సంగతి మీరు రాయలేదు. ఆ ఇంటి తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? మీ దగ్గరే ఉంటే ఆదివారం దాకా ఆగకుండా ఈ రాత్రే ఆవిడ చేతికి ఇవ్వండి.