పదిన్నర అంగుళాల బ్లూగిల్: గోడకా, పెనం మీదకా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఒహాయోలో ఒక ఫామ్ చెరువులో మీ అబ్బాయి పదిన్నర అంగుళాల బ్లూగిల్ (సన్‌ఫిష్ జాతి మంచినీటి చేప) పట్టాడు. నిన్నటి నుంచి కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టారు, కడుపు ఇంకా కోయలేదు. గోడకు తగిలించేలా మౌంట్ చేయించాలా, డబ్బు దండగా?

ముందు అది బ్లూగిల్ అవునో కాదో చూడండి. మొప్ప వెనక చెవిలా ఉండే రేకు అంచుదాకా నల్లగా ఉండి, వీపు రెక్క వెనక భాగంలో నల్లమచ్చ ఉంటే బ్లూగిలే. రేకు అంచు ఎర్రగానో నారింజ రంగులోనో ఉంటే దాని దాయాది రెడియర్ సన్‌ఫిష్. అది ఇంకా పెద్దగా పెరిగే జాతి కాబట్టి పదిన్నర పెద్ద విశేషం కాదు. నోరు పెద్దదై కంటి కిందదాకా వస్తే గ్రీన్ సన్‌ఫిష్‌తో కలిసిన హైబ్రిడ్ అని అనుమానించాలి. ఫామ్ చెరువుల్లో వీటిని కొనుక్కొచ్చి మరీ వదులుతారు.

బ్లూగిలే అయితే మాత్రం పది దాటినది ఏళ్ల తరబడి గాలం వేసేవాళ్లకీ అరుదే. మామూలుగా పడేవి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. (ప్రపంచ రికార్డు 4 పౌండ్ల 12 ఔన్సులు. 1950లో అలబామాలోని కెటోనా లేక్‌లో పడింది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.) సైజు వరకు మీ చేప గోడకు తగినదే. ఇక చూడాల్సింది దాని స్థితి.

అసలు చర్మంతో చేసే స్కిన్ మౌంట్‌కి బ్లూగిల్ నప్పే చేపే. పొలుసులు గట్టివి, ట్రౌట్, సాల్మన్‌లలా నూనె కారే బెడద తక్కువ. చెడేది మూడు చోట్ల. తల ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, బుగ్గల్లో పుట్టీ నింపకపోతే చేప జబ్బుపడినట్టు కనిపిస్తుంది. రెక్కలు కాగితంలా పలచన, ఒక్కసారి ఎండితే చీలిపోతాయి. రంగు చనిపోయిన కాసేపటికే పోతుంది, కాబట్టి మౌంట్ మీద కనిపించే రంగంతా పెయింటే. బతికుండగా తీసిన ఫోటో లేకపోతే పెయింటర్ ఏదో ఒక బ్లూగిల్ వేస్తాడు, మీ వాడు పట్టినది కాదు. ఆ ఫోటో లేకపోతే నేనైతే స్కిన్ మౌంట్ వద్దంటాను.

చేయిద్దామనుకుంటే ఇవాళే ఫ్రీజర్లోకి మార్చండి. కడుపు కోయొద్దు, జిగురు కడగొద్దు. నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి పొడవు కొలవండి. వీపు రెక్క మొదలయ్యే చోట చుట్టుకొలత తీయండి. రెక్కలు ఒంటికి ఆనేలా మడిచి, తడి పాత బట్టలో చుట్టి, గాలి పిండేసి రెండు కవర్లలో పెట్టి, పలక మీద బల్లపరుపుగా గడ్డకట్టించండి. న్యూస్‌పేపర్ వద్దు, చర్మానికి అంటుకుంటుంది. పొలుసులు ఊడని పక్క పైకి ఉండాలి. రికార్డుకి పంపే ఆలోచన ఉంటే గడ్డకట్టించక ముందే సర్టిఫైడ్ కాటా మీద తూయించాలి.

ఖర్చు అంగుళాల లెక్కన, చాలాచోట్ల అంగుళానికి ఇరవై డాలర్ల అటూఇటూ. చిన్న చేపకి కనీస చార్జీ విడిగా ఉంటుంది, అది ముందే అడగండి.

ఫైబర్‌గ్లాస్ రెప్లికా (నకలు బొమ్మ) అయితే అసలు చేపతో పనే లేదు. కొలతలు, ఫోటోలు ఇస్తే దగ్గరి సైజు అచ్చు తెప్పించి రంగు వేస్తారు. మీ చేప వేపుడుకి పోవచ్చు, ఇకమీదట పట్టేదైతే బతికుండగానే నీళ్లలోకి వెళ్లొచ్చు. మే, జూన్‌లలో గూళ్లు కాసే పెద్ద మగవాటి విషయంలో ఈ రెండోదే మేలు. వాటినే ఏరుకుంటూ పోతే చిన్న మగచేపలు తొందరగా గుడ్ల పనిలో పడి ఎదుగుదల ఆపేస్తాయి, చెరువంతా అరచేతి సైజు దగ్గరే ఆగిపోతుంది.

మూడో దారి జపాన్‌వాళ్ల గ్యోటాకు, అంటే చేపకే ఇంకు పూసి కాగితం మీద తీసే అచ్చు. బ్లూగిల్ పలచటి ఒళ్లు దానికి భలే కుదురుతుంది. ఉప్పుతో రుద్ది జిగురు పూర్తిగా పోగొట్టి, తడి తుడిచి, రెక్కలు విప్పి గుండుసూదులతో నిలిపి, విషం లేని ఇంకు పలచగా పూసి, వాషీ అనే జపాన్ కాగితం వేసి వేళ్లతో నొక్కాలి. ఇంకు ఎక్కువైతే పొలుసుల గీతలు పూడిపోతాయి, మొదటి రెండు మూడు కాగితాలు ఎలాగూ పాడవుతాయి. ఇది చేస్తే మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు, ఇవాళే చేసేయండి.

మౌంట్‌లు చేసే ట్యాక్సిడెర్మిస్ట్ దగ్గరికి వెళ్తే బాస్ చేపల మౌంట్‌లు చూసి మురిసిపోకండి. ఐదేళ్ల కిందట చేసిన బ్లూగిల్ ఉంటే చూపించమనండి, తల, రెక్కల అంచులు చూడండి.