కార్డుంది సరే, నెల నెలా మందుల సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారికి 72 ఏళ్లు. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులకు నెలకు రూ.4,800 అవుతోంది. ఆయుష్మాన్ కార్డు తీసుకున్నాం కానీ మెడికల్ షాపులో చెల్లదన్నారు. మరి ఆ కార్డెందుకు? ఈ ఖర్చు తగ్గే దారి లేదా?

జవాబు: షాపువాళ్లు చెప్పింది నిజమేనండి. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి రూ.5 లక్షల వరకు ఆదుకుంటుంది, కానీ ఆసుపత్రిలో చేరితేనే. డిశ్చార్జి అయ్యాక 15 రోజుల మందులూ అందులోనే వస్తాయి. పదహారో రోజు నుంచి ఖర్చు మళ్లీ మీదే. కార్డు వచ్చింది కదా అని మందులకు విడిగా పెట్టుకున్న డబ్బు వేరేవాటికి వాడేసేవాళ్లను చూస్తుంటాను. మీరా పని చేయకండి.

నెలవారీ మందుల దారి వేరు. స్ట్రిప్పు మీద పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు. మీకు కావలసింది మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ లాంటి అసలు మందు పేరు, పక్కన ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె. అవి ఒక కాగితం మీద రాసుకుని, డాక్టర్ చీటీతో సహా జన ఔషధి కేంద్రానికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే ఈ షాపుల్లో ధరలు బ్రాండెడ్ మందుల కన్నా 50 నుంచి 90 శాతం దాకా తక్కువ. మీకు దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ఏ మందు ఎంతో జన ఔషధి సుగమ్ యాప్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఇంత చవగ్గా ఇస్తే పనిచేస్తాయా అని నాన్నగారు తప్పకుండా అంటారు. ల్యాబ్ పరీక్షలో పాసైన బ్యాచ్‌లే షాపుకు వస్తాయని చెప్పండి.

అయితే రెండు మూడు మందులు కలిపిన మాత్ర అచ్చంగా అలాగే దొరక్కపోవచ్చు. థైరాయిడ్ మాత్ర కంపెనీ మారితే కొన్ని వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి. అందుకే మార్చేముందు డాక్టరుగారిని ఒక్క మాట అడగండి, మొహమాటపడకండి. బీపీ, షుగర్ మామూలు మాత్రలు మీ వార్డు పట్టణ ఆరోగ్య కేంద్రంలోనూ, జీజీహెచ్‌ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనూ ఉచితం. క్యూలో నిలబడే ఓపిక ఆయనకుందో లేదో మీకే తెలియాలి.

ఇక పన్ను. మీరు ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే, 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చు ఏడాదికి రూ.50,000 వరకు వైద్య ఖర్చుల మినహాయింపు (80డి అంటారు) కింద చూపించొచ్చు, మందుల బిల్లులతో సహా. ప్రస్తుతం మీకు అవుతున్నది రూ.57,600. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి రూ.10,400 మిగులుతుంది. నగదు ఇస్తే చెల్లదు, ఫోన్‌పేనో కార్డో వాడి బిల్లు దాచండి. జన ఔషధికి మారితే ఈ మినహాయింపూ తగ్గుతుంది, అయినా మారండి: పది వేల పన్ను కోసం యాభై వేలు ఖర్చు పెట్టుకోం కదా.

నాన్నగారి పేరు మీద ప్రీమియం కట్టే హెల్త్ పాలసీ ఏదైనా ఉందేమో మీరు రాయలేదు. ఉంటే ఈ పన్ను లెక్క మారిపోతుంది. ఆ వివరం పంపండి.