ప్రశ్నలు – జవాబులు: సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫైయర్‌కు లెవెల్ మీటర్లు

ప్రశ్న: రెండు ఎల్‌ఎం1875 ఐసీలతో, చానెల్‌కు 20 వాట్లు వచ్చేలా స్టీరియో ఆంప్లిఫైయర్ ఒకటి నేనే కట్టుకున్నాను. సప్లై ప్లస్, మైనస్ 25 వోల్టులు. స్పీకర్లు 8 ఓములవి. మొన్న హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ముల్లు మీటర్లు ఒక జత తెచ్చుకున్నాను. వాటి మీద −20 నుంచి +3 వరకు వీయూ (శబ్ద సంకేతం స్థాయిని డెసిబెల్స్‌లో చూపే) స్కేలు ఉంది. 500 మైక్రోఆంపియర్లకు ముల్లు చివరి దాకా వెళ్తుందని, లోపలి రెసిస్టెన్సు 650 ఓములని దుకాణంలో చెప్పారు. వీటిని స్పీకరు తీగలకే నేరుగా కలపవచ్చా, లేక వాల్యూం కంట్రోలు దగ్గర కలపాలా? ముల్లు చూపేది వాట్లేనా?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: నేరుగా మాత్రం కలపకండి. ఆ మీటరులో ఉన్నది సన్నని తీగచుట్ట. డీసీ ప్రవహిస్తేనే ముల్లు ఒక వైపుకు తిరుగుతుంది. స్పీకరుకు వెళ్ళేది ఏసీ కనుక ముల్లు ఉన్నచోటనే వణుకుతుంది తప్ప కొలత చూపదు. పైగా 20 వాట్ల దగ్గర 8 ఓముల స్పీకరు మీద 12.6 వోల్టులు ఉంటాయి కాబట్టి, చుట్టలో దాదాపు 20 మిల్లీఆంపియర్లు, అంటే అది తట్టుకోవలసినదానికి 40 రెట్లు ప్రవహించి చుట్ట కాలిపోతుంది.

ఎక్కడ కలపాలన్నది అసలు ప్రశ్న. వాల్యూం కంట్రోలుకు ముందు కలిపితే మీటరు చూపేది మీ ఫోను లేదా ప్లేయరు ఇస్తున్న సంకేతం. వాల్యూం పూర్తిగా తగ్గించినా ముల్లు ఆడుతూనే ఉంటుంది. రికార్డింగు పరికరానికి అది అవసరమేమో గాని ఆంప్లిఫైయర్‌కు కాదు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది: డయోడు సంకేతంలోని ఒక అర్ధభాగం నుంచే కరెంటు లాగుతుంది కనుక, ఆప్-ఆంప్ బఫరు (సంకేతం మీద భారం పడకుండా మధ్యలో పెట్టే చిన్న ఐసీ సర్క్యూటు) లేకుండా అక్కడ డయోడు పెడితే ధ్వనిలో వికృతి వినిపిస్తుంది. స్పీకరు వైపు ఆ బెడద లేదు. ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ ఇంపెడెన్సు ఓములో చిన్న భాగమే కావడం వల్ల మీటరు లాగే కొద్ది మిల్లీఆంపియర్లు దానికి లెక్కలోకి రావు. కాబట్టి నా సలహా స్పీకరు వైపే.

ప్రతి చానెల్‌కు ఇలా కట్టండి. స్పీకరు ప్లస్ నుంచి 1 కిలోఓము రెసిస్టరు, దాని తర్వాత 1ఎన్4148 డయోడు, డయోడు గీత వైపు నుంచి స్పీకరు మైనస్‌కు 10 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటరు. కెపాసిటరు ప్లస్ కాలు నుంచి 22 కిలోఓముల రెసిస్టరు, దానితో వరుసలో 22 కిలోఓముల ప్రీసెట్ (స్క్రూడ్రైవరుతో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టరు), అక్కడి నుంచి మీటరు ప్లస్. మీటరు మైనస్ తిరిగి స్పీకరు మైనస్‌కే. లెక్క ఇదీ: 20 వాట్ల దగ్గర శిఖర వోల్టేజి 17.9, డయోడు 0.6 తీసుకోగా మిగిలిన 17.3 వోల్టులతో 500 మైక్రోఆంపియర్లు ప్రవహించాలంటే మొత్తం 34 కిలోఓములకు కాస్త పైన కావాలి, అది ప్రీసెట్ పరిధి మధ్యలో పడుతుంది. కెపాసిటరు నిండడానికి పట్టే కాలం వందో వంతు సెకను స్థాయిలో, ఖాళీ అవడానికి సెకనులో మూడో వంతు స్థాయిలో ఉంటుంది కనుక ముల్లు చురుగ్గా లేచి నెమ్మదిగా దిగుతుంది, చూడడానికీ బాగుంటుంది. వోల్టేజి తక్కువ తీసుకుంటుందని కొందరు ఇక్కడ 1ఎన్5819 వేస్తారు. డయోడు మీద ఎదురుగా 36 వోల్టుల దాకా పడే ఈ చోట, 40 వోల్టుల పరిమితి ఉన్న దాన్ని వాడడం నాకు ఇష్టం లేదు.

సరిచేయడానికి స్పీకర్లు విప్పేయండి. మీటరు చూసేది వోల్టేజినే కాబట్టి స్పీకరు లేకున్నా పని జరుగుతుంది, ఇంట్లోవాళ్ళ చెవులూ క్షేమంగా ఉంటాయి. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 200 హెర్ట్జ్ సైన్ తరంగం పంపండి. చౌక మల్టీమీటర్లు ఏసీ వోల్టేజిని కొన్ని వందల హెర్ట్జ్ దాటితే సరిగా చదవవు, అందుకే 1000 వద్దంటున్నాను. మల్టీమీటరు 12.6 వోల్టులు చూపేదాకా వాల్యూం పెంచి, ముల్లు సరిగ్గా +3 మీద నిలిచేలా ప్రీసెట్ తిప్పండి. రెండో చానెల్‌కూ అంతే. మొదటిసారి ప్రీసెట్‌ను గరిష్ఠ రెసిస్టెన్సు దగ్గర ఉంచి మొదలుపెట్టాలి.

ఇక వాట్ల సంగతి. మీటరుకు తెలిసేది వోల్టేజి మాత్రమే. స్పీకరు 8 ఓములన్న లెక్క మీద దాన్ని మనం వాట్లుగా చదువుకుంటాం, ఆ 8 ఓములు కూడా అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకేలా ఉండవు. పైన చెప్పినట్టు సరిచేస్తే 0 దగ్గర 10 వాట్లు, −3 దగ్గర 5, −10 దగ్గర 1 వాటు అవుతాయి. ఇంట్లో మామూలుగా వినేది ఒక వాటు లోపే కనుక, ముల్లు ఎక్కువసేపు స్కేలులో మొదటి అయిదో వంతులోనే తిరుగుతుంది. అది లోపం కాదు. −20 గుర్తు దగ్గర 0.1 వాటు ఉండాలి గాని, అప్పటి శిఖర వోల్టేజి 1.26లో సగం డయోడే మింగేస్తుంది కాబట్టి ఆ గుర్తును నమ్మవద్దు. చిన్న శబ్దానికీ ముల్లు ఆడాలనుకుంటే, 22 కిలోఓముల రెసిస్టరు, ప్రీసెట్ రెండింటికీ కలిపి సమాంతరంగా ఒక స్విచ్చుతో 12 కిలోఓములు చేర్చే ఏర్పాటు చేసుకోండి. పార్టీ ఉన్న రోజు స్విచ్చు ఆపడం మరిచిపోకూడదు.

స్కేలు మీద వీయూ అని ఉన్నంత మాత్రాన అది వీయూ మీటరు కాదు. 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి రేడియో కోసం కుదుర్చుకున్న ప్రమాణం ప్రకారం, స్థిరమైన సంకేతం ఇచ్చాక ముల్లు 300 మిల్లీసెకన్లలో తన స్థానానికి దాదాపుగా చేరాలి, ఎక్కువా తక్కువా పనికిరాదు. మీ మీటర్లకు ఆ నియమం వర్తించదు. అసలు వీయూ మీటరు కూడా డప్పు దెబ్బ శిఖరాన్ని పట్టుకోలేదు. సంగీతంలో శిఖరాలు సగటు కంటే 10 డెసిబెల్స్ పైన ఉండడం మామూలే. కాబట్టి ముల్లు 0 దాటలేదు కదా అని ఆంప్లిఫైయర్ క్లిప్ కావడం (శక్తి చాలక తరంగం కొనలు తెగిపోవడం) లేదనుకోకండి.

మీటరు లోపలి బల్బులకు ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఏసీ ఇస్తే, ఆ తీగలను మెలివేసి ఇన్‌పుట్ సాకెట్లకు దూరంగా తీసుకెళ్ళండి. గుయ్యిమనే హమ్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

ప్రశ్న: ఎల్‌ఏ4440 ఆంప్లిఫైయర్ ఐసీతో బ్రిడ్జి పద్ధతిలో (ఐసీలోని రెండు భాగాలూ ఒకే స్పీకరును రెండు కొసల నుంచీ నడిపేలా) కట్టిన మోనో బోర్డుకు, అదే 12 వోల్టుల సప్లై మీద నడిచే ఎల్‌ఎం3915 ఎల్‌ఈడీ మీటరు బోర్డు కలిపాను. దాని రెండు ఇన్‌పుట్ తీగలను స్పీకరుకు కలపగానే పాట ఆగిపోయి ఆంప్లిఫైయర్ ఐసీ వేడెక్కింది. తీగలు తీసేస్తే మళ్ళీ పాడుతోంది. విడిగా నడిపినప్పుడు పది ఎల్‌ఈడీలూ వెలిగితే మీటరు ఐసీ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతోంది.
— మరో పాఠకుడు, కాకినాడ

జవాబు: బ్రిడ్జి పద్ధతిలో స్పీకరు రెండు తీగల్లో ఏదీ గ్రౌండు కాదు, రెండింటి మీదా సప్లైలో సగం డీసీ నిలిచి ఉంటుంది. మీటరు బోర్డు గ్రౌండు సప్లై ద్వారా ఆంప్లిఫైయర్ గ్రౌండుకు ముందే కలిసి ఉంది కనుక, దాని ఇన్‌పుట్ మైనస్‌ను స్పీకరుకు తగిలించగానే ఒక అవుట్‌పుట్‌ను గ్రౌండుకు షార్టు చేసినట్టయింది. ఐసీ బతికి బయటపడడం మీ అదృష్టం. ఆ మైనస్ తీగను వదిలేసి, స్పీకరు ఒక కొస నుంచి మాత్రమే 1 మైక్రోఫారడ్ కెపాసిటరు ద్వారా 47 కిలోఓముల ప్రీసెట్‌కు, అక్కడి నుంచి మీటరు ఇన్‌పుట్‌కు సంకేతం ఇవ్వండి. ఒక కొస మీద వచ్చేది మొత్తం వోల్టేజిలో సగమే కనుక సరిచేసేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోవాలి. జనగామ పాఠకునికి చెప్పిన ముల్లు మీటరుకు సప్లై అవసరం లేదు కాబట్టి, బల్బు తీగ దానికి తగలనంత వరకు బ్రిడ్జి రెండు కొసల మధ్య నిశ్చింతగా పెట్టవచ్చు.

వేడికి కారణం 7, 8 పిన్నుల మధ్య ఉన్న రెసిస్టరు. ఒక్కో ఎల్‌ఈడీ కరెంటు సుమారుగా 12.5ను ఆ రెసిస్టెన్సుతో భాగిస్తే వస్తుంది. మీ బోర్డులో 620 ఓములు ఉంటే ఎల్‌ఈడీకి 20 మిల్లీఆంపియర్లు, పదింటికి 200. ఎల్‌ఈడీ తీసుకునే 2 వోల్టులు పోగా మిగిలిన 10 వోల్టులూ ఐసీ మీదే పడి 2 వాట్లు అవుతాయి. అది భరించగలిగేది 1.4 వాట్ల లోపే. అక్కడ 1.8 కిలోఓములు పెడితే వేడి 0.7 వాటుకు దిగుతుంది, నేటి ఎల్‌ఈడీలకు ఆ కరెంటు చాలు. 8వ పిన్ను నేరుగా గ్రౌండులో కాక మరో రెసిస్టరు ద్వారా ఉంటే రిఫరెన్సు వోల్టేజి కూడా మారుతుంది కనుక మీటరును మళ్ళీ సరిచేయాలి. రెసిస్టరు మార్చడం కుదరకపోతే 9వ పిన్నును సప్లై నుంచి విడదీయండి. అప్పుడు వరుసంతా కాకుండా ఒక్క చుక్కే వెలుగుతుంది.