స్కాన్ బాగుందంటున్నారు, మరి మా తమ్ముడికి మాటలెందుకు తట్టడం లేదు?

మెదడులోని ఏవీఎంకు (ధమనులు, సిరలు చిక్కుపడి నేరుగా కలిసిపోయే లోపానికి) చికిత్స పూర్తయి, రక్తనాళాల చిక్కుముడి మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పాక కూడా మీ తమ్ముడు మాటల కోసం తడుముకుంటున్నాడని, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటున్నాడని, ఇది జబ్బు ప్రభావమా లేక అశ్రద్ధా అని అడిగారు. అశ్రద్ధ అనుకోకండి. ఎడమ కణత భాగంలో అదే సమస్యతో ఆరేళ్లు గడిపినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

ధమనుల్లోని రక్తం సాధారణంగా సన్నని కేశనాళికల గుండా వెళ్లి, వేగం తగ్గాకే సిరల్లోకి చేరుతుంది. ఏవీఎంలో ఆ కేశనాళికలు లేకపోవడం వల్ల అది అధిక పీడనంతో నేరుగా సిరల్లోకి ప్రవహిస్తుంది. నాళం చిట్లితే జరిగే నష్టం అందరికీ తెలిసిందే. చిట్లకపోయినా ఫిట్స్, తలనొప్పి, వాటికి వాడే మందులు, ఎప్పుడేమవుతుందోనన్న దిగులు కలిసి ఆలోచనా వేగాన్ని తగ్గించగలవు. నాకు గామా నైఫ్, అంటే కోత లేకుండా రేడియేషన్ కిరణాలతో చేసే చికిత్స, చేశారు. దాని తర్వాత నాళాలు మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అంతవరకూ రక్తస్రావ ప్రమాదం పూర్తిగా పోదు. ఆ ఎదురుచూపులో నిద్ర సరిగా పట్టేది కాదు, నిద్రలేని మరునాడు మాటలు మరింత మొరాయించేవి.

ఒకరోజు తాళంచెవి ఎక్కడ పెట్టావని మా ఆవిడను అడగబోతే ఆ పదం ఎంతకీ రాలేదు. వేళ్లు ముడిచి గాలిలో తాళం తిప్పి చూపించాను. వస్తువు రూపం కళ్లముందు మెదులుతోంది, దాని పేరు మాత్రం లేదు. అప్పటికే జ్ఞాపకశక్తి, ఆలోచనల కోసం చేసిన పది నిమిషాల పరీక్షలో 30కి 27 మార్కులు వచ్చాయి కాబట్టి అంతా మామూలేనన్నారు. తర్వాత న్యూరోసైకాలజిస్టు (మెదడు సమస్యల వల్ల జ్ఞాపకశక్తి, మాట, ఆలోచనల్లో వచ్చే మార్పులను పరీక్షించే నిపుణుడు) దాదాపు మూడు గంటలు పరీక్షించినప్పుడే, తెలివితేటలు తగ్గలేదని, బొమ్మ చూసి పేరు చెప్పడంలోనూ, విన్నదాన్ని కాసేపయ్యాక గుర్తుతెచ్చుకోవడంలోనూ వెనకబడ్డానని తేలింది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు, ఎందుకంటే నేను కల్పించుకోవడం లేదని అది రుజువు చేసింది. రక్తనాళాలు ఎలా ఉన్నాయో యాంజియోగ్రామ్ చెబుతుంది, రోజు ఎలా గడుస్తోందో చెప్పదు. మీరు కూడా ఆ వివరమైన పరీక్ష కోసం పట్టుబట్టండి.

కోపం విషయంలో మందుల చీటీ ఒకసారి చూడండి. ఫిట్స్‌కు ఎక్కువగా ఇచ్చే లెవెటిరాసిటామ్ కొందరిలో చిరాకును, కుంగుబాటును కలిగిస్తుంది. నా విషయంలో న్యూరాలజిస్టు మందు మార్చిన కొన్ని వారాలకే ఇంట్లో అరుపులు తగ్గాయి. అయితే ఆ మందును సొంతంగా ఆపితే ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా మాన్పించకండి.

నాకు స్పీచ్ థెరపీ వల్ల నెమ్మదిగా మేలు కలిగింది. పదం రానప్పుడు ఆ వస్తువు దేనికి పనికొస్తుందో, ఎలా ఉంటుందో వర్ణించడం అక్కడే నేర్చుకున్నాను. మీ తమ్ముడు మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు వెంటనే అందించకుండా కాసేపు ఆగండి, అతను మీవైపు చూసి అడిగితేనే అందించండి.