బాలింత జ్వరాల మీద రీసెర్చ్ మొదలుపెడుతున్న నీకు

అమ్మా,

ఏమేం పరిశోధించాలో నువ్వు రాసి పంపిన లిస్టు చదివాను. 31 ప్రశ్నలు! సగానికి పైగా పెద్ద ల్యాబ్ ఉన్నవాళ్లకు పుట్టే ప్రశ్నలే. మన చిన్న ఆసుపత్రుల్లో బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో చెప్పే పరీక్ష) రిపోర్టు వచ్చేసరికి బాలింత ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది.

ముందు ఒక వారం ప్రసవాల రిజిస్టరు దగ్గర కూర్చో. ఒకామె పేరు ఎదురుగా ‘సాధారణ ప్రసవం, డిశ్చార్జి’ అని నేనే రాశాను. ఆరో రోజు పుట్టింట్లో చలిజ్వరం. పాలు పడుతున్నాయి కదా, జ్వరం రాదా అన్నారట. ఊళ్లో ఆర్‌ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేశాడు. తొమ్మిదో రోజు మా దగ్గరికి తెచ్చేసరికి బీపీ అందలేదు. మా రిజిస్టర్లో మాత్రం ఆమె ఇప్పటికీ క్షేమంగా ఇంటికెళ్లినట్టే ఉంది.

అందుకే నన్నడిగితే మొదటి ప్రశ్న డిశ్చార్జి తర్వాతి ఆరు వారాల గురించే. ఎంతమందికి జ్వరం వచ్చింది, ఎవరు ముందు పసిగట్టారు, ఆసుపత్రికి రావడానికి ఎన్ని రోజులు పట్టింది? బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా వెళ్లాలి. తల్లికీ థర్మామీటరు పెడుతోందా? అసలు పుట్టింటికి వెళ్లిన బాలింత ఏ ఊరి ఆశా లెక్కలోకి వస్తుంది? సిజేరియన్ కుట్లనూ వదలకు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు ఆపరేషన్లే.

తేలిపోయినవాటిని మళ్లీ తవ్వకు. నొప్పుల సమయంలో 2 గ్రాముల అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఒక్కసారి ఇస్తే తల్లికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) లేదా మరణం 2.4 నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2023లోనే ఒక పెద్ద అధ్యయనంలో వచ్చింది. బెళగావి, నాగ్‌పూర్ తల్లులూ అందులో ఉన్నారు. బిడ్డలకు మాత్రం లాభం కనబడలేదు. ఇక అడగాల్సింది, అందరికీ ఇస్తూ పోతే మందుకు లొంగని క్రిములు పెరుగుతాయా అని. మలావీ, ఉగాండాల్లోనైతే కొత్త మందేమీ లేకుండా, చేతుల శుభ్రత, జ్వరాన్ని ముందే పట్టుకోవడం లాంటి పనులతోనే తల్లుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు సుమారు మూడో వంతు తగ్గాయి.

ఏ ప్రశ్న ముఖ్యమో తేల్చడానికి మార్కులు వేసేటప్పుడు నైట్ డ్యూటీ నర్సునీ, ఆశానీ, జబ్బుపడి లేచిన ఒక తల్లినీ పిలువు. మాలాంటి ప్రొఫెసర్లున్న గదిలో వాళ్లు నోరు విప్పరు. వాళ్ల మార్కులు విడిగా, ముందుగా తీసుకో.

లిస్టు ఐదుకు కుదించి పంపు. ఈలోగా ఒకరోజు రాత్రి రెండింటికి లేబర్ రూంలో కుళాయి తిప్పి చూడు. నీళ్లొచ్చాయో లేదో అదీ రాయి.

మీ మేడం