లైవ్ టీవీ దాచుకోవడానికి 46 వేల బాక్సు కొనాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో అద్దెకుంటున్నాం. మా ఆయనది ఐటీలో మధ్యాహ్నం షిఫ్టు, ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండవుతుంది. నేను స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిపి చేతికి 92 వేలు వస్తుంది, నెలాఖరుకు ఎనిమిదిన్నర వేలు మిగులుతుంది. ఆయనకు క్రికెట్, వార్తా చర్చలు. మా అత్తగారికి సీరియళ్లు, మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణం. రోజూ ఎవరిదో ఒకరిది తప్పిపోతుంది, ఇంట్లో అదే రగడ. నెట్‌లో వచ్చే లైవ్ ఛానెళ్లను రికార్డు చేసి పెట్టుకుంటే తీరిగ్గా చూసుకోవచ్చని, రెండు 4 టీబీ డిస్కులతో నాస్ బాక్సు (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టె) కొందామంటున్నారు ఆయన. 46 వేలు, 9 నెలల నో కాస్ట్ ఈఎంఐ. వద్దంటే పాత డెస్క్‌టాప్‌నే రాత్రింబవళ్లు ఆన్‌లో పెడతానంటున్నారు. మా వీధిలో ఒకాయన ఏడాదికి 3 వేలకే అన్ని ఛానెళ్లూ, వారం వెనకటివి కూడా వచ్చే బాక్సు ఇస్తానంటున్నాడు. వచ్చే నెల మా పాప కూచిపూడి ప్రదర్శన ఉంది. సభవాళ్లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారట, అదైనా దాచుకోవాలని నా ఆశ. డిష్‌కు నెలకు 450, బ్రాడ్‌బ్యాండ్‌కు 1,179 కడుతున్నాం. బ్యాంకులో 60 వేలుంది. క్రెడిట్ కార్డులో 38 వేలు బాకీ, నెలనెలా మినిమమ్ కట్టుకుంటూ వస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఆయన బాక్సు సంగతే తేలుద్దాం. ఆయన మనసుపడినవాటిలో చాలావరకు ఆ బాక్సు రికార్డు చేయలేదు. ధర గురించి ఆలోచించే ముందు ఈ ముక్క ఆయన చెవిన వేయండి.

నెట్‌లో లైవ్ ఛానెల్ కుళాయి నీళ్లలా ఏకధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఏ ముక్క తర్వాత ఏది అని చెప్పే జాబితా ఒకటి క్షణక్షణం మారుతూ ఉంటుంది. యాప్ ఆ జాబితా చూసి ముక్కలు తెచ్చుకుని, చూపించి, పారేస్తుంది. పారేయకుండా వరసగా పేర్చి పెట్టుకుంటే అదే రికార్డింగు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్లున్నాయి. మీ ఆయన ఏదో వీడియోలో చూసింది ఇదే అయ్యుంటుంది, అంతవరకు ఆయన చెప్పింది నిజమే. కానీ క్రికెట్, సీరియళ్లు వచ్చే యాప్‌లు ఆ ముక్కలకు తాళం వేసి పంపుతాయి. తాళంచెవి యాప్‌కే ఇస్తాయి. టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ వైరులోనూ తాళమే. ఎస్వీబీసీ, యూట్యూబ్‌లో లైవ్ వచ్చే వార్తా ఛానెళ్లు చూడ్డానికైతే ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. కానీ అవి ఎలాగూ యూట్యూబ్‌లోనే ఉంటాయి. అక్కడ కూడా వాళ్లిచ్చిన డౌన్‌లోడ్ బటన్‌తో తప్ప వేరే దారిన దింపుకోవడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం.

చట్టం మాట కూడా అడుగుతారేమో. ప్రసారాన్ని సొంతంగా చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే తప్పు లేదని 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షన్‌లోనే ఉంది. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే మాత్రం 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు. ఇంట్లో క్రికెట్ చూసుకునే మనిషి కోసం పోలీసులు వస్తారని బెదిరించను. అంత తంటా దేనికని మాత్రం అడుగుతాను.

ఎందుకంటే తప్పిపోయిందని మీరనుకుంటున్నది నిజానికి ఎక్కడికీ పోలేదు. ఐపీఎల్ మ్యాచ్ అయిపోయాక జియోహాట్‌స్టార్‌లో మొదటినుంచీ మళ్లీ చూడొచ్చు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో స్కోరు ముందే తెలిసిపోతే దానికి ఏ బాక్సులోనూ మందు లేదు. అత్తగారి సీరియళ్లు స్టార్ మావైతే అదే యాప్‌లో, జీ తెలుగువైతే జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. వీటిలో ఏవి మీ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌తో ఉచితంగా వస్తున్నాయో ప్రొవైడర్ యాప్ తెరిచి చూడండి. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది ప్లాన్‌లో ఉన్నదానికే విడిగా ఇంకోసారి చందా కడుతుంటారు. కల్యాణానికైతే, యూట్యూబ్ లైవ్‌లో కింద ఉన్న ఎర్ర గీతను వెనక్కి జరపడం అత్తగారికి నేర్పండి. ఛానెల్ ఆ వీలు ఆపేయకపోతే 12 గంటల వెనక్కి వెళ్లొచ్చు. స్కూలు నుంచి వచ్చి మీ పాపే నేర్పుతుంది, మీకంటే ఓపిగ్గా.

రికార్డింగు పిచ్చి నాకు తెలియనిది కాదు. 2012లో నేనూ రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సు కొన్నాను. ఆ ఉగాదికి మా మామగారు కవిసమ్మేళనంలో చదివిన పద్యాలు ఒక ఛానెల్లో వచ్చాయి. రికార్డు చేసి, వచ్చిన చుట్టాలకల్లా చూపించాం. మూడేళ్లకు బాక్సు చచ్చింది. అప్పటికి మామగారు కూడా లేరు. డిస్కు విప్పించి గుడ్డలో చుట్టుకుని, బెంగళూరులో కంప్యూటర్ సామాన్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకు పట్టుకెళ్లాను. మెట్ల కింద మూడడుగుల కొట్టు. కుర్రాడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని తిరిగే చప్పుడు విన్నాడు, కంప్యూటర్‌కు తగిలించాడు, తల అడ్డంగా ఊపాడు. ‘డిస్క్ చెన్నాగిదె సార్, ఓదక్కాగల్ల’ అన్నాడు. డిస్కు బాగానే ఉందట, చదవడమే కుదరదట. దాని తాళం చచ్చిన బాక్సులో ఉండిపోయింది. ఆ డిస్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది, పారేయడానికి చేయి రాదు. ఆ బాక్సు జాబితాలో అరవై దాకా కార్యక్రమాలుండేవి. వాటిలో సగానికి పైగా ఒక్కసారి కూడా తెరవలేదు.

మీ ఇంట్లోనూ అదే జరుగుతుందని ఎలా చెబుతున్నానంటే, లెక్క వేసి చూడండి. హెచ్‌డీ ఛానెల్ సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున వస్తే గంటకు 2.25 జీబీ. రెండు డిస్కుల్లో ఒకటి ఇంకోదానికి నకలుగా పెట్టినా 4 టీబీలో 1,700 గంటలకు పైగా పడుతుంది. రాత్రి పన్నెండుకు వచ్చిన మనిషి రోజూ గంటన్నర చూస్తాడనుకుందాం, అదీ ఎక్కువే. ఏడాదికి 547 గంటలు. డిస్కు నిండా ఉన్నది చూడటానికి మూడేళ్లు దాటుతుంది, ఈలోగా మళ్లీ మూడు ఐపీఎల్‌లు వచ్చి పడతాయి. పోనీ మూడు ఛానెళ్లను రాత్రింబవళ్లు రికార్డు చేస్తానంటారా, రోజుకు 162 జీబీ. చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ హద్దు ఉంటుంది, ఇరవై రోజుల్లో అది అయిపోతుంది. ఆ తర్వాత స్పీడు పడిపోయి ఆఫీసు మీటింగులో ఆయన ముఖం బిగుసుకుపోతే ఎవర్ని అంటారు? అరకాసు పనికి ముప్పాతిక బాడుగ అంటే ఇదే.

పాత డెస్క్‌టాప్ మాట వినగానే నాకు కరెంటు బిల్లు గుర్తొచ్చింది. బెంగళూరు కరెంటు సంస్థ బెస్కామ్ బిల్లు మీకు కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో సున్నా వస్తున్నట్టయితే ఈ పేరా రెండుసార్లు చదవండి. 2022-23లో మీ సగటు వాడకం, దానిపై పదిశాతం, అంతవరకే ఉచితం. దాన్ని మించితే అదనపు యూనిట్లకు కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లూ నెత్తిన పడుతుంది. డెస్క్‌టాప్ 70 వాట్లు తింటుందనుకుంటే నెలకు 50 యూనిట్లు. ఇప్పుడు 160 వాడుతున్నవాళ్లు 210కి చేరతారు. యూనిట్ దాదాపు ఆరు రూపాయలు, పైన ఫిక్స్‌డ్ ఛార్జీ, పన్ను. సున్నా బిల్లు కాస్తా పదిహేను వందలు దాటుతుంది. ఉచితమనుకున్న పాత కంప్యూటర్ నెలనెలా మీ డిష్‌కంటే, బ్రాడ్‌బ్యాండ్‌కంటే ఖరీదైనదిగా తేలుతుంది. నాస్ బాక్సు 20 వాట్లలోపే తింటుంది, ఆ ఒక్క విషయంలో మీ ఆయనకు మార్కులు వేయాలి.

వీధిలో ఆయన ఇస్తానన్న 3 వేల బాక్సు దొంగసరుకు. బిల్లుండదు, ఏ శనివారమో ఆగిపోతే అడగడానికి మనిషుండడు. మీ ఫోన్‌పే నడిచే వైఫైలోకి దాన్ని రానివ్వకండి.

ఇక మీరు ఉత్తరం చివర్లో దాచిపెట్టిన కార్డు. క్రెడిట్ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. 38 వేలపై 1,330, దానిమీద 18 శాతం జీఎస్టీ 239. నెలకు దాదాపు 1,570 రూపాయలు ఉత్తపుణ్యానికి పోతోంది. ఇంట్లో డిష్ గురించి, యాప్‌ల గురించి గొడవ పడుతున్నారు, ఆ రెండూ కలిపినా ఇంత ఉండదు. మినిమమ్ కడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉన్నట్టున్నారు. కానీ బాకీ ఇలా దొర్లుతున్నంతకాలం కార్డుతో కొత్తగా ఏది కొన్నా, కూరగాయలు కొన్నా సరే, కొన్న రోజునుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ నలభై యాభై రోజుల గడువు మీకు వర్తించదు. ఇప్పుడు దీనిమీద 46 వేల ఈఎంఐ ఎక్కిస్తే గోరుచుట్టుపై రోకటి పోటు. నో కాస్ట్ అన్నది కూడా పూర్తిగా నో కాస్ట్ కాదు. వడ్డీని ధరలో తగ్గించి చూపిస్తారు గానీ, ఆ వడ్డీపై జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోనే వస్తాయి.

బ్యాంకులో ఉన్న 60 వేలలోంచి 38 వేలు తీసి ఈ వారమే కట్టేయండి. చేయి వణుకుతుంది, నాకు తెలుసు. ఆపదకు దాచిన డబ్బు కదా అంటారు. ఆ డబ్బుకు సేవింగ్స్ ఖాతా ఏడాదికిచ్చే వడ్డీకంటే కార్డు ఒక్క నెలలో తీసుకునేదే ఎక్కువ. ఇంకా 22 వేలు మిగులుతాయి, కార్డు ఖాళీ అయి ఉంటుంది, నిజంగా ఆసుపత్రి ఖర్చు వస్తే అదీ అక్కరకొస్తుంది. కట్టిన మరుసటి నెల బిల్లులో కొంచెం వడ్డీ మళ్లీ కనిపిస్తుంది. కంగారు పడకండి, అది మీరు కట్టిన రోజు వరకు లెక్క. ఆపైన మిగిలే ఎనిమిదిన్నర వేలు, ఇన్నాళ్లూ మినిమమ్‌కు పోయిన సొమ్ము కలిపి సేవింగ్స్‌లోకి మళ్లించండి. నాలుగైదు నెలల్లో మళ్లీ 60 వేలకు చేరతారు. అక్కడ ఆగకండి, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అయ్యేదాకా ఆ డబ్బు ముట్టుకోవద్దు.

డిష్ తీసేయమని నేను చెప్పను. రిమోట్‌లో నెంబరు నొక్కితే తన ఛానెల్ వచ్చే సుఖం అత్తగారిది, దాన్ని నెలకు నాలుగైదు వందల కోసం తీసేయడం బాగోదు. కాకపోతే 450 ప్యాకులో ఆవిడ చూసేవెన్ని? ధర 19 రూపాయలు దాటిన ఛానెల్‌ను గుత్తిలో (చాలా ఛానెళ్లు కలిపి అమ్మే ప్యాకులో) కలపకూడదని టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అందుకే పెద్ద ఛానెళ్లు ఆ 19 దగ్గరో, దానికి లోపలో ఆగాయి. నాలుగు తెలుగు ఛానెళ్లు విడిగా తీసుకుంటే ఎక్కువలో ఎక్కువ 76, జీఎస్టీతో 90. పైన నెట్‌వర్క్ ఫీజు. హిందీ, ఇంగ్లీషు గుత్తులు వదిలేసి ఎంతవుతుందో కస్టమర్ కేర్‌తో లెక్క కట్టించండి. ఎస్వీబీసీకి ఎలాగూ విడిగా కట్టక్కర్లేదు.

మీ ఆయనకు కాస్త చేదుగా ఉంటుంది గనుక ఒక పందెం పెట్టండి. టీవీ పక్కన ఒక చిన్న నోటుపుస్తకం. నాలుగు వారాలపాటు ఎవరికి ఏది తప్పిపోయిందో రాయాలి, మర్నాడు అది యాప్‌లోనో యూట్యూబ్‌లోనో దొరికిందా, దొరికితే కూర్చుని చూశారా, అదీ రాయాలి. దొరకనివి, నిజంగా చూడాలనుకున్నవి పది తేలితే, ఆ 60 వేలు మళ్లీ నిండాక, ఈఎంఐ లేకుండా చేతి డబ్బుతో కొనుక్కోమనండి. నేను అడ్డు చెప్పను.

పాప ప్రదర్శన మాత్రం వేరు. అది మళ్లీ వేయరు. లైవ్ యూట్యూబ్‌లో ఉంటుందిలే అనుకోకండి. సభవాళ్లు ఆ ఛానెల్ మూసినా, పాటల హక్కులపై ఎవరైనా అభ్యంతరం పెట్టినా వీడియో మాయమవుతుంది. లైవ్ 12 గంటలు మించితే అసలు దాచిపెట్టదు కూడా, రోజంతా సాగే ఉత్సవమైతే ఈ సంగతి ముందే అడగండి. ఛానెల్ సొంతదారులు తమ వీడియోను యూట్యూబ్ స్టూడియో అనే తమ పేజీలోంచి ఫైలుగా దింపుకోవచ్చు, దానికి వాళ్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రదర్శన రోజే నిర్వాహకుల చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, పాప అంశం కాపీ చేసి ఇమ్మనండి. నలభై నిమిషాల నాట్యం ఒకటిన్నర జీబీ. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు రెండు కొనండి. ఒకటి మీ బీరువాలో, ఇంకోటి మదనపల్లెలో అమ్మమ్మ వాళ్ల టీవీ వెనకాల. పండక్కి వెళ్లినప్పుడు రెండూ ఒకసారి పెట్టి చూడండి, తెరుచుకుంటున్నాయో లేదో.