ఖజురాహోకి ముందు ఒకసారి బేలూరు వెళ్ళిరా

చిరంజీవి అమ్మాయికి, మల్లేశ్వరం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

జనవరిలో మీ అత్తగారు, మామగారు, ఆడపడుచు కొడుకుతో కలిసి ఖజురాహో వెళ్తున్నామన్నావు. "అత్తగారి పక్కన నిలబడి ఆ శృంగార శిల్పాలు ఎలా చూడను పెద్దమ్మా?" అని అడిగావు. టెన్షన్ పడకు. ఆ గుళ్ళను చూసే పద్ధతి తెలిస్తే మామగారి పక్కనైనా తల ఎత్తుకుని చూడగలవు.

ముందు ఒక పని చెయ్యి. ఈలోపు ఏదో ఒక శని, ఆదివారాల్లో అందరూ కలిసి బేలూరు, హళేబీడు చూసి రండి. బెంగళూరు నుంచి సుమారు 220 కిలోమీటర్లు. మెజెస్టిక్ బస్టాండులో హాసన్ బస్సు ఎక్కితే అక్కణ్ణుంచి బేలూరు దగ్గరే. హొయసల రాజు విష్ణువర్ధనుడు 1117లో కట్టించిన చెన్నకేశవుడి గుడిలో ఇవాళ్టికీ పూజలు జరుగుతున్నాయి కాబట్టి మీ అత్తగారికి దర్శనం కూడా అవుతుంది. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చి చూరు కిందికి చూడమను. అద్దంలో ముఖం చూసుకునే ఆమె, చిలుకతో ముచ్చటలాడే ఆమె, ఇలా వరసగా మదనికలు, అంటే అందగత్తెల బొమ్మలు. ఒంటిమీద బట్ట తక్కువే. కానీ కాసేపు చూస్తే కన్ను నగల మీదికి, వేళ్ళ మీదికి, నడుము తిరిగిన తీరు మీదికి పోతుంది. అది బలపపు రాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అంత సన్నటి పని అందుకే కుదిరింది. కొన్ని బొమ్మల కింద శిల్పుల పేర్లు కూడా ఉంటాయి. బళ్ళిగావె నుంచి వచ్చిన దాసోజ, అతని కొడుకు చావణ చెక్కుకున్నవి. ఆ రాతలు వెతికే పని పిల్లాడికి అప్పగించు.

అక్కడే గోడ మడతల్లో చిన్న చిన్న మిథున శిల్పాలూ, అంటే ఆడమగ జంటల బొమ్మలూ కనిపిస్తాయి. కంగారుపడి మొహం తిప్పుకోవద్దు. మిగతా బొమ్మల ముందు ఎంతసేపు నిలబడ్డావో వీటి ముందూ అంతే నిలబడి ముందుకు నడువు. ఖజురాహోలో చెయ్యాల్సిందీ ఇదే. (మన రామప్ప గుడి మదనికలు కూడా ఈ కోవకే చెందుతాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. తెలుగువాళ్ళమై ఉండి అది చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది. వేసవి సెలవుల్లో చూద్దురుగాని.)

ఇక ఖజురాహో. చందేల రాజులు చాలా గుళ్ళు 950, 1050 మధ్య కట్టించారు. పశ్చిమ సముదాయంలో ముందు వరాహ మండపానికి వెళ్ళండి. ఒకే రాతిలో చెక్కిన పెద్ద వరాహం, దాని ఒంటినిండా వందలాది చిన్న దేవతలు. పిల్లాడు అక్కణ్ణుంచి కదలడు. ఎదురుగా ఉన్నదే లక్ష్మణ గుడి. ఇక్కడ ఒక జాగ్రత్త. దాని ఎత్తైన అరుగు చుట్టూ ఏనుగులు, గుర్రాలు, సైన్యాలు, వేటలు పట్టీగా చెక్కి ఉంటాయి. చాలా పచ్చిగా ఉండే దృశ్యాలు ఆ వరసలోనే, పిల్లాడి కంటికి అందే ఎత్తులోనే ఉన్నాయి. ముందే తెలిస్తే తడబడవు. వాడు అడిగితే "పెళ్ళయినవాళ్ళ జీవితంలో ఇదీ ఒక భాగం, యుద్ధం, వేట చెక్కినట్టే దీన్నీ చెక్కారు" అని మామూలు గొంతుతో చెప్పు. కళ్ళు మూస్తే వాడి బుర్రలో ఆ ఒక్క బొమ్మే మిగులుతుంది.

కందరియ మహాదేవ గుడి దగ్గర ఎక్కువసేపు ఉండండి. పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ లెక్కపెడితే బయట 646, లోపల 226 బొమ్మలు తేలాయి. వాటిలో జనం గొప్పగా చెప్పుకునే శృంగార శిల్పాలు కొద్దిపాటివే. అవి ఎక్కడున్నాయో గమనించు. మండపమూ గర్భగుడీ కలిసే గోడ మీద ముఖ్యంగా కనిపిస్తాయి. రెండు కట్టడాలు కలిసేచోట జంటల్ని ఉంచడం కావాలని చేసిందేనని దేవాంగనా దేశాయ్ వంటి పండితులు రాశారు. నాకూ అదే సబబనిపిస్తుంది. పిడుగులు పడకుండా చెక్కారని, మనసును పరీక్షించడానికని అక్కడ రకరకాలుగా చెప్తారు. విను, కానీ ఇదొకటి గుర్తుపెట్టుకో. ఆ గుళ్ళకు కొన్ని వందల ఏళ్ళ ముందే వరాహమిహిరుడు బృహత్సంహితలో గుడి ద్వారానికి మంగళ పక్షులు, పూర్ణకలశాలు, స్వస్తికాలు, తీగలతోపాటు మిథునాలు కూడా చెక్కాలన్నాడు. జంట అంటే మంగళం. మీ అత్తగారికి ఈ మాట చెప్పు. పెళ్ళిళ్ళు చేసినావిడ, వెంటనే అర్థం చేసుకుంటుంది.

గైడు విషయంలో మాత్రం గట్టిగా ఉండు. కొందరు నేరుగా ఆ నాలుగు బొమ్మల దగ్గరికి లాక్కెళ్ళి, కన్నుకొట్టి, వెకిలి మాటలు చెప్తారు. నాకది ఒళ్ళుమండే విషయం. మాట్లాడుకునేటప్పుడే "కింద అరుగు నుంచి మొదలుపెట్టి, ప్రదక్షిణగా తిప్పి, దేవుళ్ళెవరో చెప్పాలి" అని షరతు పెట్టు. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకో. బొమ్మల ముందు అదే భంగిమలో నిలబడి ఫోటోలు దిగే గుంపులు ఉంటాయి. మీ ఆయన్ని ఆ సరదాకి పోనివ్వకు. రాళ్ళను ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు. చేతి చెమట, జిడ్డు రాయికి మంచివి కావు.

తూర్పు వైపున్న పార్శ్వనాథ జైన దేవాలయం వదలొద్దు. కంటికి కాటుక పెట్టుకునే ఆమె, కాల్లో ముల్లు తీసుకునే ఆమె అక్కడున్నారు. ఆడవాళ్ళకు బాగా నచ్చే చోటు అది.

చలికాలం ఎండ దక్షిణం నుంచి పడుతుంది. దక్షిణపు గోడలు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చూస్తే ఏటవాలు వెలుగులో చెక్కడం లోతుగా తెలుస్తుంది. ఉత్తరపు గోడలు నీడలోనే ఉంటాయి, వాటిని మధ్యాహ్నానికి వదిలెయ్యి. చెప్పులు విప్పి ఎక్కాలి. మామగారికి దళసరి మేజోళ్ళు పెట్టు, పొద్దున రాయి చల్లగా జివ్వుమంటుంది. మతంగేశ్వరుడి గుడిలో ఇప్పటికీ పూజ ఉంది. మనిషిని మించిన ఎత్తు లింగం. స్నానం చేసి ముందు అక్కడికి వెళ్తే పెద్దవాళ్ళకు తృప్తి.

బేలూరు మదనికలకు బైనాక్యులర్స్ తప్పనిసరి. నా దగ్గరున్నాయి, ఆదివారం భోజనానికొచ్చి పట్టుకెళ్ళు.

మీ పెద్దమ్మ